సగంలో ఆగిన చంద్రకాంత

ఈ నెల మన గల్లీల్లో ఏ ఓట మీద నలుగురు ఆడోళ్లు కూసున్నా ఒకటే ముచ్చట. రాత్రి ఎనిమిదింటికి వచ్చే నాగుపాము సీరియల్ బందయిందట. పాము పగ తీర్చుకోలేదు, కోడలి ఒంట్ల ఉన్న దెయ్యం ఎవరిదో తెల్వలేదు, చెప్పా పెట్టకుండా ఆ టైముకు పాటల పోటీ పెట్టిన్రట. మొగోళ్లు నవ్వుతున్నరు. "దెయ్యం పోయిందని ఏడ్చేటోళ్లను మిమ్మల్నే చూసినం" అంటున్నరు.

అన్నలారా, నవ్వకండి. మీలో యాభై దాటినోళ్లు ఒకసారి గుండె మీద చెయ్యి ఏసుకొని చెప్పండి. 1996ల "చంద్రకాంత" బందయినప్పుడు మీరు ఎట్లున్నరు? ఆ ఆదివారం టీవీ ముందు కూసొని, అది రాక, అంటెనా తిప్పుడానికి పత్రాల కప్పు ఎక్కినోళ్లు మన చాళ్లల్ల ఎందరు లేరు? అందుకే ఈ నెల ఆ సీరియల్ గురించే రాస్తున్న. ఇప్పటి పిల్లలకు తెల్వాలె, వాళ్ల బాధ కొత్తది కాదని.

తెల్వనోళ్లకు కొంచెం చెప్త. చంద్రకాంత 1994 మార్చిల దూరదర్శన్‌ల మొదలయింది. తీసింది నీర్జా గులేరి అనే ఆమె. ప్రతి ఆదివారం పొద్దున వచ్చేది. విజయగఢ్ రాజు బిడ్డ చంద్రకాంత, నౌగఢ్ రాజకుమారుడు వీరేంద్ర సింగ్. రెండు రాజ్యాలకు పడదు, వీళ్లిద్దరికి ప్రేమ. మధ్యల చునార్‌గఢ్ రాజు శివదత్తు. వీళ్లందరి కంటే ఎక్కువ మనకు యాదికి ఉన్నోడు క్రూర్‌సింగ్. పెద్ద పెద్ద కనుబొమ్మలు, కోర మీసాలు, నోరు తెరిస్తే "యక్కూ!" ఆ వేషం వేసింది అఖిలేంద్ర మిశ్రా. మన చాళ్ల పిల్లలందరూ బొగ్గుతోని కనుబొమ్మలు దిద్దుకొని యక్కూ యక్కూ అని తిరిగేటోళ్లు.

ఆ కథల అయ్యారులు అని ఉంటరు. అంటే వేషం మార్చే గూఢచారులు. ముసలమ్మ వేషంల వస్తరు, సాధువు వేషంల వస్తరు, సంచిల మత్తుమందు పొడి పెట్టుకొని తిరుగుతరు. బద్రీనాథ్ అనే అయ్యారుగా ఇర్ఫాన్ ఖాన్ వేసిండు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకొని 2020ల పోయిన ఆ ఇర్ఫానే. మా ఆడోళ్లకు మాత్రం ఆయన ఎప్పటికీ బద్రీనాథే. ఇంక తిలిస్మ్ అని ఒకటి. మాయల కోట అనుకోండి. లోపల పోయినోడు బయటికి రాలేడు, రాతి బొమ్మలు కదులుతయి, గోడలు మింగుతయి. దానికి తోడు నాగకన్యలు, మంత్రాలు. మన విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినోళ్లం కదా, "జగన్మోహిని"ని రెండుసార్లు చూసినోళ్లం. మనకు ఇది సొంతింటి వంట తీరు అనిపించింది. సినిమా అయితే మూడు గంటల్ల ఒడుస్తది. ఇది వారం వారం పెరుగుకుంట పోయింది.

మా చాళ్ల అప్పుడు ఇరవై రెండు ఖోళీలు, రంగుల టీవీ ఒక్కరింట్లనే. ఆదివారం పొద్దుగాల ఆ ఇంటి ముందట చెప్పులు కుప్ప. రాత్ పాళీ చేసి ఏడింటికి ఇంటికొచ్చినోళ్లు కూడ పండుకోకపోయేటోళ్లు. మొఖం కడుక్కొని, చాయ్ తాగి, చెవుల్ల దూది పోగులు అట్లనే ఉండంగ వచ్చి కూసునేటోళ్లు. మిల్లుల ఎనిమిది గంటలు సాంచల మోత విన్న చెవులకు టీవీ ఎంత పెద్దగ పెట్టినా చిన్నగనే ఇనబడేది. అందుకే మన ఇండ్లల్ల టీవీలు అంత గట్టిగ మోగుతయి, కోడండ్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలె.

అయితే ఇంకో చిక్కు. ఆ సీరియల్ హిందీ కూడ మామూలు హిందీ కాదు, రాజుల హిందీ. మాకు బజారు హిందీ వచ్చు, మిల్లు మరాఠీ వచ్చు. మా అమ్మ లాంటోళ్లకు అదీ రాదు. ఊరు ఇడిచి నలభై యేండ్లయినా ఆమె నోట్ల తెలుగు తప్ప ఇంకోటి తిరగలేదు. అందుకని మా పక్క ఖోళీల పిల్లగాడు, అప్పుడు వానికి పదకొండు పన్నెండేండ్లు, మున్సిపాలిటీ బడిల హిందీ చదువుతుండె, వాడు ముసలోళ్ల నడుమ కూసొని తెలుగుల చెప్పేటోడు. "ఇప్పుడు వాడు వాని తండ్రి వేషం వేసుకున్నడు అవ్వా, నమ్మకు" అనేటోడు. టీవీల వాళ్లు ఒక మాటంటే వాడు నాలుగు మాటలు చెప్పేటోడు. ముసలమ్మలు టీవీ కంటే వాని మొఖమే ఎక్కువ చూసేటోళ్లు.

రెండేండ్లకు పైన నడిచింది. 1996ల ఆగిపోయింది. కథ ఒడిసి ఆగలేదు. ఇంకా ఎపిసోడ్లు కావాలె, పొడిగించాలె అని తీసినామె అడిగింది, దూరదర్శన్ వాళ్లకూ ఆమెకూ కుదరలేదు, వ్యవహారం కోర్టు దాకా పోయింది. ఎవరిది న్యాయం అనేది కోర్టుల ముచ్చట, నేను చెప్పేది కాదు. చూసేటోళ్లకు మాత్రం ఒక్కటే తెలిసింది. పోయిన ఆదివారం ఉండె, ఈ ఆదివారం లేదు.

సీరియల్లు ఇట్లెందుకు ఆగుతయి అని చాలామందికి ఇప్పటికీ తెల్వదు. నాకు కూడ చాలా యేండ్ల తర్వాతనే అర్థమయింది, రాస్త వినండి. అప్పుడు దూరదర్శన్‌ల ప్రాయోజిత కార్యక్రమం అనే పద్ధతి ఉండె. సీరియల్ తీసినోళ్లే దూరదర్శన్‌కు ఫీజు కట్టాలె. దానికి బదులుగ ప్రకటనలు వేసుకొనేందుకు కొంత టైము ఇస్తరు. సబ్బు, టూత్‌పేస్టు, చాయ్‌పత్తా కంపెనీలకు ఆ టైము అమ్ముకొని తీసినోళ్లు ఖర్చు తీసుకోవాలె. ఎన్ని ఎపిసోడ్లు అనేది ముందే ఒప్పందం. మూడు నెలలకు పదమూడు వారాలు, అందుకే 13, 26, 52 ఇట్ల లెక్క. ఆ లెక్క ఒడిసినాక పొడిగింపు కావాలంటే మళ్లీ అర్జీ పెట్టాలె. పొడిగింపు వస్తే కథ ఉంటది, రాకపోతే నాయిక మాయల కోటల ఉన్నా, నూతిల ఉన్నా అక్కడనే ఉంటది.

మిల్లుల బదిలీ కామ్‌గార్ పని చేసినోళ్లకు ఈ పద్ధతి ఇంక చెప్పే పని లేదు. పొద్దుగాల గేటు దగ్గర నిలబడాలె, పిలిస్తే పని, పిలవకపోతే ఇంటికి.

అయితే పొడిగింపు తెచ్చుకున్నోళ్లు కూడ ఉన్నరు. ఎవరో తెల్సా? సఫాయి కార్మికులు. ఇది నిజంగ జరిగింది, మన పిల్లలకు చెప్పండి. రామానంద్ సాగర్ "రామాయణ్" 1987 జనవరిల మొదలయింది. మొదట 52 ఎపిసోడ్లే ఒప్పుకున్నరు, తర్వాత పెంచి 78 చేసిన్రు. 1988 జూలై ఆఖరున రాముని పట్టాభిషేకంతోని ఒడగొట్టిన్రు. పంజాబ్‌ల జలంధర్ పట్నంల ఊడ్చేటోళ్లకు అది నచ్చలేదు. వాల్మీకి మహర్షిని తమ కులగురువుగ కొలిచేటోళ్లు వాళ్లు. ఉత్తరకాండ లేకుంటే, సీతమ్మను ఆశ్రమంల ఉంచుకున్న వాల్మీకి, లవకుశులు లేకుంటే రామాయణం ఎట్ల ఒడుస్తది అని పని బందు పెట్టిన్రు. చెత్త ఎక్కడిదక్కడనే. ఆ హర్తాళ్ ఉత్తరాదిల వేరే పట్నాలకు కూడ పాకింది. చెత్తతోని రోగాలొస్తయని సర్కారుకు భయం పట్టింది. ఆఖరికి లవకుశుల కథ తీయడానికి ఒప్పుకున్నరు. చీపురు పట్టినోళ్లు దేశమంతా చూసే కథకు ఆఖరు తెచ్చిన్రు!

మరి చంద్రకాంతకు మనం ఎందుకు హర్తాళ్ చేయలేదు? నేను ఈ మాట మా పాత దోస్తులతోని మస్తు సార్లు అన్న. ఒకాయన జవాబు ఇది: "మన పగార్ కోసం చేసిన హర్తాళే గెలవలేదు, చంద్రకాంత కోసం ఎవడు చేస్తడు?" ఆయన మాట కాదనలేం. 1982 జనవరి 18న బొంబాయిల రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దత్తా సామంత్ వెంబడి పని బందు చేసిన్రు. అందులో మన తెలుగోళ్లు ఎంతమందో. దాని తర్వాత ఏమయిందో వర్లీ, ప్రభాదేవిల ఉండే మన చుట్టాలను అడగండి. ఆ దెబ్బ తిన్నోళ్లకు, దాన్ని చూసి భయపడ్డ మా అసొంటోళ్లకు, టీవీ కథ కోసం నోరు ఎత్తే బలం ఎక్కడిది?

ఇంకో సంగతి కూడ ఉన్నది. చంద్రకాంత ఆగిన కాలంలనే నేను పని చేసే మిల్లుల మూడో పాళీ తీసేసిన్రు. తర్వాత ఒకనాడు గేటుకు నోటీసు అంటించిన్రు. లోపల సాంచల మీద బట్ట సగం నేసినది సగం నేసినట్లే ఉండె. పడుగు బీములు అట్లనే, కండెలు అట్లనే. మాకు రావాల్సిన పైకం కోసం కేసు యేండ్ల తరబడి నడిచింది. సీరియల్ కేసు కోర్టుల, మా కేసు కోర్టుల. మా చాళ్ల ఒకాయన "యక్కూ!" అని నోటీసు కాయితానికి దండం పెట్టిండు. అందరం నవ్వినం. నవ్వినంక ఎవరూ మాట్లాడలేదు.

అందుకే చెప్తున్న, కథ ఆగిందని బాధపడే ఆడోళ్లను చూసి నవ్వకండి. వాళ్లు దెయ్యం కోసం ఏడ్వడం లేదు. రోజంతా బీడీలు చుట్టి, చాదర్లకు కుట్లు వేసి, గంజి వాసనల బతికే మనిషికి రాత్రి అరగంట తనదంటూ ఒకటి ఉంటది. అది ఎప్పుడు తీసేస్తరో చెప్పరు, ఎందుకు తీసేస్తున్నరో చెప్పరు. దుఃఖం దాని గురించి.

చంద్రకాంత తర్వాత కూడ ఇట్లనే అయింది. 1997ల మొదలైన "శక్తిమాన్" 2005ల ఆగింది. ఫీజు పెంచుకుంట పోయిన్రు, మోయలేక బంద్ చేసిన అని ముఖేష్ ఖన్నా తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నడు. పిల్లలు పెద్దోళ్లయి, వాళ్లకు పిల్లలు పుట్టినా శక్తిమాన్ మళ్లీ ఎప్పుడొస్తడు అని ఇంకా అడుగుతున్నరు. ఇప్పుడు ఫీజు మాట లేదు, టీఆర్‌పీ అంటరు. కొన్ని ఇండ్లల్ల టీవీకి మీటరు పెట్టి, వాళ్లు ఏం చూస్తున్నరో లెక్క తీస్తరు. 2020ల దేశంల టీవీ ఉన్న ఇండ్లు సుమారు 21 కోట్లు, మీటర్లు సుమారు 44 వేలు. అంటే ఒక్క మీటరు ఇల్లు నాలుగు వేల ఏడు వందల ఇండ్ల తరఫున చూసినట్టు. మన పేటల ఎవరింట్లనన్న ఆ మీటరు ఉన్నదా? నేనయితే చూడలేదు. మీరంతా ఇంటిల్లిపాది కూసొని చూసినా, మీటరు ఉన్న ఇంట్ల రిమోటు పట్టుకున్న పిల్లగాడు కిరికెట్టు పెడితే, లెక్కల కిరికెట్టే పడ్డది. మీ సీరియల్ ఎవరూ చూడలేదని తీసేసిన్రంటే, మీరు చూడలేదని కాదు. మీరు చూసింది వాళ్లకు కనబడలేదని.

ఇప్పుడు మా అమ్మ ముచ్చటకు వస్త. సీరియల్ బందయినాక రెండు మూడు ఆదివారాలు ముసలమ్మలు అదే టైముకు వచ్చి కూసున్నరు. టీవీల వేరేది వస్తున్నది. మా అమ్మ ఆ పిల్లగాన్ని పట్టుకొని "బిడ్డా, ఆ పిల్ల ఇంక కోటలనే ఉన్నదారా? బడిల ఎవరినన్న అడుగురా, నీకు హిందీ వచ్చు కదా" అన్నది. వాడు ఏం చెప్తడు? వారం రోజులు తిరిగి, వచ్చే ఆదివారం వచ్చి కూసొని, "అవ్వా, సైగ ఇను, నేను చెప్త" అని మొదలు పెట్టిండు. వాడే కల్పించి చెప్పవట్టిండు. టీవీ బందు పెట్టి ముసలమ్మలు వాని చుట్టు కూసున్నరు. నాలుగైదు వారాలు నడిపిచ్చిండు. వాని కథల చంద్రకాంతను ఎవరూ వచ్చి విడిపించలేదు. ఆమె తోటి ఉండే చపల, తను, ఇద్దరు కలిసి లోపలనే తాళాల గుట్టు కనిపెట్టి, గోడ తెరుచుకొని బయటికి వచ్చిన్రు. క్రూర్‌సింగ్‌ను ఆ కోటల పెట్టి తాళం వేసిన్రు. మా అమ్మ చేతులు చరిచి నవ్వింది. ఆమెకు అదే ఆఖరు. మూడేండ్లకు ఆమె పోయింది. ఆగిన కథ అని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు.

నేను రిటైరయినాక గ్రంథాలయంల కూసునుడు అలవాటు చేసుకున్న. నేను చదివింది నాలుగో తరగతే, హిందీ అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుత. అక్కడ చంద్రకాంత పుస్తకం దొరికింది. దేవకీనందన్ ఖత్రీ అనే ఆయన రాసింది, 1888ల అచ్చయింది. అంటే మనం ఆఖరు తెల్వక కొట్టుకున్నప్పటికి, ఆ ఆఖరు అచ్చులకు వచ్చి నూరేండ్లు దాటింది! పుస్తకంల ఆఖరు ఇదీ: వీరేంద్ర సింగ్ అయ్యారుల సాయంతోని తిలిస్మ్ పగలగొడ్తడు, చంద్రకాంతను బయటికి తెస్తడు, ఇద్దరికి లగ్గమయితది. టీవీల వచ్చినదాంట్ల చాలా మట్టుకు పుస్తకంల లేనే లేదు. టీవీ వాళ్లు కూడ మా పిల్లగాని తీరే, ఒక మాటకు నాలుగు మాటలు చేర్చుకుంట పోయిన్రన్నమాట.

ఈ ఖత్రీ గారి సంగతి కూడ మనకు పనికొచ్చేదే. ఆయన కాశీ దిక్కు అడవుల్ల కాంట్రాక్టు పని చేసిన మనిషి. ఆ అడవుల్ల పాడుబడ్డ కోటలు, గుహలు తిరిగి చూసి ఈ కథలు అల్లిండు. ఈ పుస్తకం చదవడానికే ఎంతోమంది హిందీ నేర్చుకున్నరని పేరు. దాని తర్వాత చంద్రకాంత కొడుకుల కథ "చంద్రకాంతా సంతతి" 24 భాగాలు రాసిండు. ఆ తర్వాత "భూత్‌నాథ్" మొదలు పెట్టి, అది ఒడవకముందే 1913ల కన్ను మూసిండు. చదివేటోళ్లు అప్పుడు కూడ మనలెక్కనే నడిమిట్ల నిలబడ్డరు. అయితే ఆయన కొడుకు దుర్గాప్రసాద్ కలం పట్టి మిగిలిన కథంతా పూర్తి చేసిండు. తండ్రి మగ్గం మీద ఇడిచిపెట్టిన బట్టను కొడుకు నేసి దించినట్టు. 2017ల రెండు చానెళ్లు మళ్లీ చంద్రకాంత కథ ఎత్తుకున్నయి. అందులో ఒక చానెలే ఆ యేడు ఆగస్టుల మూతపడి పేరు మార్చుకున్నది. పుస్తకం మాత్రం ఉన్నకాడనే ఉన్నది.

ఇంక సీరియల్ బందయిందని బాధపడే అక్కలకు, చెల్లెండ్లకు నా మాట. మీ కోపం ఇంట్లనే పెట్టుకోకండి. చానెల్ వాళ్లకు ఉత్తరం రాయండి, మహిళా మండలి తరఫున పదిమంది సంతకాలు పెట్టి పంపండి. ఇప్పుడు ఫోన్లు చూసే పిల్లలున్నరు, వాళ్లతోని రాయించండి. సీరియల్ మళ్లీ వస్తదని నేను అనను. జలంధర్ వాళ్లకు వచ్చింది, మనకు రాకపోవచ్చు. కానీ చూసేటోళ్లు ఉన్నరని వాళ్లకు తెల్వాలె. మీటరు లేని ఇండ్లు కూడ ఇండ్లే.

ఇంకోటి, ఆగిన కథను మీరే ఒడగొట్టండి. రాత్రి అదే టైముకు టీవీ బందు పెట్టి, పిల్లలను కూసోబెట్టి, పాము పగ ఎట్ల తీరిందో మీరు చెప్పండి, లేకుంటే వాళ్లను చెప్పమనండి. తెలుగుల చెప్పమనండి. బడిల మరాఠీ, ఇంగ్లీషు, బజార్ల హిందీ, ఇట్ల అయిపోయి మన పిల్లలకు తెలుగుల పది మాటలు వరుసగ రావడం లేదని అందరం మొత్తుకుంటున్నం. మా పక్క ఖోళీ పిల్లగాడు ఇప్పుడు పుణెల నౌకరీ చేస్తున్నడు, వాని తెలుగు ఇంకా చెక్కు చెదరలేదు. ముసలమ్మలకు కథ చెప్పి చెప్పి నిలబెట్టుకున్న తెలుగు అది.

వచ్చే నెలకు ఒక పని పెడుతున్న. మీ చాళ్ల చంద్రకాంత చూసినోళ్లు ఎవరన్న ఉంటే, ఆమె కోటల నుంచి ఎట్ల బయటపడ్డదని మీరు అనుకున్నరో ఒక కార్డు మీద రాసి మన పత్రికకు పంపండి. మంచివి ఏరి ఇక్కడనే వేస్త. రాయరానోళ్లు మనవళ్లతోని రాయించండి. వేలిముద్ర వేసినా సరే, తీసుకుంట.